దసరా తేదీ ముందే తెలుసు కదా!



దసరా సెలవులు వస్తున్నాయంటే మన హాస్టల్‌లో సందడే వేరు. మూడు రోజుల ముందు నుంచే ట్రంకు పెట్టెలు సర్దుకుంటాం. ఎవరి ఊళ్ళో బతుకమ్మ ఎంత పెద్దగా పేరుస్తారో అని పందేలు వేసుకుంటాం. నేను కూడా మీలాగే ఈ హాస్టల్‌లో ఉండి పదో తరగతి దాకా చదువుకున్నాను. ఇప్పుడు కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. అయితే నాకు ఎకనామిక్స్ మొదట నేర్పింది కాలేజీ కాదు, మా ఇంటి దసరా పండుగ. ఆ సంగతి మీకు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా ఇంటి దసరా నోటు

2016లో నేను ఎనిమిదో తరగతి. ఆ ఏడే మా అక్క పెళ్ళయింది. పెళ్ళైన తర్వాత వచ్చే మొదటి దసరాకు అల్లుణ్ణి పిలవాలి, బట్టలు పెట్టాలి, యాట కూర వండాలి. ఇంట్లో పైసలు లేవు. బాపు ఊళ్ళో ఒకరి దగ్గర పది వేల రూపాయలు అప్పు తెచ్చాడు. మిత్తి నూటికి నెలకు మూడు రూపాయలు. పండుగ బాగానే జరిగింది. నాకు కూడా కొత్త డ్రెస్సు వచ్చింది. దాన్ని హాస్టల్‌లో అందరికీ చూపించుకున్నాను.

మరుసటి దసరాకు మిత్తి కట్టలేకపోయాం. మిత్తిని అసలులో కలిపి నోటు తిరగరాశారు. ఆ మరుసటి ఏడు కూడా అంతే. మూడో ఏడు మా అన్న ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో ఆపేసి సెంట్రింగ్ పనికి హైదరాబాదు పోయాడు. అతను పంపిన డబ్బుతో 2019 దసరాకు నోటు చింపించుకున్నాం. కట్టింది మొత్తం 25,155 రూపాయలు. మా అన్న మళ్ళీ కాలేజీకి పోలేదు.

ఇక్కడ నన్ను బాధపెట్టే విషయం ఒకటి ఉంది. మా ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలోనే చక్రవడ్డీ పాఠం ఉంది. నేను ఆ లెక్కలు చేసి పరీక్ష పాసయ్యాను. కానీ ఆ పాఠం మా ఇంట్లోనే నడుస్తోందని నాకు తట్టలేదు.

'మిత్తి' అంటే అందరికీ తెలుసు

కిందటేడాది నుంచి ఆదివారాలు హాస్టల్‌కు వచ్చి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొదటి రోజు "సంవత్సరానికి 36 శాతం వడ్డీ" అని బోర్డు మీద రాస్తే ఎవరూ మాట్లాడలేదు. దాన్ని తుడిచి "నూటికి మూడు రూపాయల మిత్తి" అని రాశాను. వెంటనే పది చేతులు లేచాయి. "మా నాయిన మూడు రూపాయలకే తెచ్చిండక్కా", "మాకు రెండు రూపాయలే", "మాకైతే ఐదు!" రెండూ ఒకటే లెక్క అని చెబితే ఆశ్చర్యపోయారు. నెలకు నూటికి మూడు అంటే పన్నెండు నెలలకు ముప్ఫై ఆరు. అదే 36 శాతం.

మా ఇంటి నోటును బోర్డు మీద వేశాను. మీరూ వేసి చూడండి.

అసలు: 10,000 రూపాయలు.
మొదటి ఏడు ముగిసేసరికి: 13,600.
రెండో ఏడు: 18,496.
మూడో ఏడు: 25,155.

ఇదే పది వేలు నూటికి రూపాయి మిత్తికి, అంటే ఏడాదికి 12 శాతానికి దొరికి, మూడేళ్ళూ ఏమీ కట్టకపోయినా బాకీ 14,049 రూపాయలు అయ్యేది. తేడా 11 వేల పైచిలుకు. ఆ తేడా మా అన్న ఇంటర్ చదువుతో సమానం.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ పండుగ వస్తే ఆ పండుగలోంచే ఒక పాఠం. పండుగ గురించి పిల్లలకు కొత్తగా చెప్పక్కరలేదు, అంతా వాళ్ళకే తెలుసు. మనం లెక్క కలిపితే చాలు.

బతుకమ్మ: గునుగుకు ధర ఎందుకు?

గునుగు, తంగేడు ఎవరూ విత్తనం వేసి పెంచరు. చేను గట్ల మీద, బీళ్ళలో వాటంతటవే పూస్తాయి. ఊళ్ళో వాటికి ధర లేదు. అదే గునుగు కట్ట హన్మకొండ చౌరస్తాకు వస్తే డబ్బు పెట్టి కొంటారు. ఎందుకు? "పట్నంలో దొరకదు కాబట్టి" అని ఒక చెల్లె చెప్పింది. నిజమే. దీన్నే కొరత అంటారు. పువ్వు ఊరికే వచ్చినా, తెల్లవారుజామున లేచి కోసిన శ్రమ, ఆటో కిరాయి, ఆ రోజు పోగొట్టుకున్న కూలి ఆ ధరలో ఉంటాయి. ఈ పనికి పోయి వదులుకున్న కూలిని ఎకనామిక్స్‌లో అవకాశ వ్యయం అంటారు. పేరు పెద్దదే గానీ మీ అమ్మలకు ఎప్పటి నుంచో తెలిసిన విషయమే.

ఇక బంతిపూలు. వాటిని రైతులు పండుగను చూసుకునే సాగు చేస్తారు. సద్దుల బతుకమ్మ రోజు పొద్దున ఒక ధర, సాయంత్రం బతుకమ్మలు బయలుదేరాక మరో ధర. పువ్వు మారలేదు, కొనేవాళ్ళు తగ్గిపోయారు. రేపటికి వాడిపోతుంది కాబట్టి అమ్మేవాళ్ళు వచ్చినకాడికి ఇచ్చేస్తారు. గిరాకీ, సరఫరా అనే పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

సిరిసిల్ల మగ్గాలు చెప్పే మాట

బతుకమ్మతోనే ఇంకో పాఠం ఉంది. 2017 నుంచి 2023 దాకా రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచింది. వాటిని ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించారు. ఒక పండుగ చీర వెనక నూలు, మగ్గం, అద్దకం, లారీ, కూలి ఇలా ఎంతమంది బతుకులు ఉంటాయో లెక్కపెట్టమని పిల్లలకు చెప్పాను. ప్రభుత్వం పెట్టిన ఖర్చు కార్మికుడికి కూలి అవుతుంది, ఆ కూలి కిరాణా కొట్టుకు గిరాకీ అవుతుంది. ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం.

అయితే ఆ ఆర్డర్ ఆగిన 2024లో సిరిసిల్లలో పని పడిపోయింది. 2025లో మహిళా సంఘాల సభ్యుల చీరల కోసం మళ్ళీ ఆర్డర్లు వచ్చాయి. కొనేవాడు ఒక్కడే అయితే, ఆ ఒక్కడు కొననప్పుడు మగ్గం ఆగుతుంది. ఇంటికైనా అంతే. ఒకే పని మీద, ఒకే సంపాదన మీద బతికే ఇంటికి ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

మూడు బంగారాలు

దసరా రోజు సాయంత్రం జమ్మి ఆకును చేతిలో పెట్టి 'బంగారం' అంటాం. మేడారంలో బెల్లాన్ని 'బంగారం' అంటాం. నిలువెత్తు బంగారం అంటే మనిషి ఎత్తు బరువు బెల్లం. ఇక కంసాలి దుకాణంలో దొరికేది మూడో బంగారం.

జమ్మి ఆకు ఆ రోజు సాయంత్రం అందరికీ బంగారమే. తెల్లారి దుకాణానికి తీసుకుపోతే అగ్గిపెట్టె కూడా రాదు. మరి వంద రూపాయల నోటు కూడా కాగితమే కదా, దానికి సరుకు ఎందుకు ఇస్తారు? దాని వెనక రిజర్వు బ్యాంకు హామీ, చట్టం, అందరి నమ్మకం ఉన్నాయి కాబట్టి. ఆ నోట్లను కావలసినన్ని అచ్చువేస్తే ఏమవుతుంది? జమ్మి ఆకు చెట్టు నిండా ఉన్నట్టే నోట్లు కూడా ఉంటాయి, ధరలు మండిపోతాయి.

రూపాయి విలువ గురించి వందేళ్ళ కిందటే ఆలోచించినవారు మన బాబాసాహెబ్ అంబేద్కర్. ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివి, 1923లో 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' అనే గ్రంథం ప్రచురించారు. మన హాస్టల్ గోడ మీద ఆయన ఫోటో కింద 'రాజ్యాంగ నిర్మాత' అని రాసి ఉంది. 'ఆర్థికవేత్త' అని కూడా రాయమని వార్డెన్ మేడమ్‌ను కోరుతున్నాను.

మూడో బంగారం విషయంలో జాగ్రత్త. నగ కొన్నప్పుడు బంగారం ధరతో పాటు తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కడతాం. అమ్మినప్పుడు అవేవీ తిరిగి రావు. పండుగకు కొని ఎండాకాలంలో తాకట్టు పెట్టే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. కొనొద్దని అనడం లేదు. హాల్‌మార్క్ గుర్తు చూసి, బిల్లు తీసుకుని, లెక్క తెలుసుకుని కొనమంటున్నాను.

దసరా, పత్తి, ఎనుమాముల మార్కెట్

దసరా ముందుకో వెనక్కో మన దగ్గర పత్తి తీయడం మొదలవుతుంది. అందరికీ అప్పుడే డబ్బు అవసరం. అందరూ ఒకేసారి ఎనుమాముల మార్కెట్‌కు తెస్తే ధర పడిపోతుంది. బంతిపూల లెక్కే ఇది. కాకపోతే బంతిపూలు రేపటికి వాడిపోతాయి, పత్తి వాడిపోదు. మరి రైతు ఎందుకు ఆగలేడు? అప్పు ఇచ్చినవాడు ఆగడు కాబట్టి.

పత్తికి కేంద్ర ప్రభుత్వం మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025-26 సీజనులో పొడవు పింజ రకానికి అది క్వింటాలుకు 8,110 రూపాయలు. పత్తి సంస్థ, అంటే సీసీఐ, ఆ ధరకు కొంటుంది. కానీ తేమ 8 శాతం దాకా ఉంటేనే పూర్తి ధర. 12 శాతం దాటితే కొనరు. పండుగ ఖర్చుకని పచ్చిపత్తి తెచ్చి తక్కువకు అమ్ముకున్న రైతు, పత్తి ఆరేదాకా ఆగగలిగిన రైతు ఇద్దరూ అదే పంట పండించారు. ఇద్దరి మధ్య తేడా పది రోజులు ఆగే శక్తి. పొదుపు అంటే ఆ శక్తే. పొదుపు చేసేది ధనవంతులు కావడానికి మాత్రమే కాదు, అవసరంలో తలవంచకుండా ఉండటానికి కూడా.

మేడారం: గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభం కాదు

రెండేళ్ళకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మ జాతర 2026 జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. జాతరలో కొబ్బరికాయలు, బెల్లం, కోళ్ళు, బొమ్మలు అమ్మే చిన్న దుకాణాలు వేల మంది పెడతారు. జాతరకు ముందు ఆదివారం మేము ఒక ఉత్తుత్తి దుకాణం లెక్క వేశాం.

నాలుగు రోజుల్లో కొబ్బరికాయలు అమ్మితే 20,000 రూపాయలు వచ్చాయనుకుందాం. కాయలు కొన్నది 13,000. వ్యాను కిరాయి 1,500. జాగాకు 1,000. పగిలిన, కుళ్ళిన కాయలు 500. నలుగురి తిండికి 1,000. మిగిలింది 3,000. ఇద్దరు మనుషులు నాలుగు రోజులు కష్టపడ్డారు, అంటే ఎనిమిది కూలీలు. ఒక్కో కూలి 375 రూపాయలు పడింది. పెట్టుబడి అప్పు తెస్తే మిత్తి కూడా అందులోంచే పోవాలి.

"అయితే మాకు కిందిసారి ఏం మిగల్లేదన్నట్టు అక్కా!" అంది ఒక తొమ్మిదో తరగతి చెల్లె. వాళ్ళింట్లో గల్లాపెట్టె నిండా డబ్బు చూసి లాభం అనుకున్నారట. అమ్మకం వేరు, లాభం వేరు. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకున్నా మీరు రేపు ఏ వ్యాపారం పెట్టినా నిలబడతారు.

సున్నా టికెట్, మెస్ చార్జీలు

పండుగకు ఊరికి పోయేటప్పుడు మనకు ఇచ్చేది సున్నా టికెట్. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. సున్నా టికెట్ అంటే ఖర్చు లేదని కాదు, ఆ ఖర్చు ప్రభుత్వం ఆర్టీసీకి ఇస్తుందని అర్థం. ప్రభుత్వానికి డబ్బు ఎక్కడిది? మీరు కొన్న సబ్బు మీద, చెప్పుల మీద కట్టిన పన్నులోంచి కూడా వస్తుంది. పన్ను కట్టేది పెద్దోళ్ళే అని ఎవరైనా అంటే సబ్బు కవరు చూపించండి.

మన మెస్ చార్జీలు కూడా ఒక పాఠమే. 2024లో ప్రభుత్వం పెంచినప్పుడు 8 నుంచి 10 తరగతుల వాళ్ళకు నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలు అయింది. ముప్ఫైతో భాగిస్తే రోజుకు 51 రూపాయల చిల్లర. నూనె, పప్పు, గుడ్డు ధర రాసుకుని ఆ 51లో మెనూ తయారుచేయమని పిల్లలకు ఇచ్చాను. గంటసేపు కుస్తీ పట్టారు. చార్జీలు ఒక్కసారి పెరిగి ఆగుతాయి, ధరలు ఆగవు. ద్రవ్యోల్బణం అంటే అదే. మెస్ చార్జీల కోసం మన సీనియర్లు ధర్నాలు ఎందుకు చేశారో ఆ రోజు అందరికీ లెక్కతో సహా అర్థమైంది.

మనం చేయగలిగింది ఏమిటి?

రోగం చెప్పి రాదు. వాన చెప్పి ఆగదు. కానీ దసరా చెప్పే వస్తుంది. 2026లో దసరా అక్టోబర్ 20న అని క్యాలెండర్‌లో ముందే ఉంది. తేదీ తెలిసిన ఖర్చుకు మూడు రూపాయల మిత్తికి అప్పు చేయడం ఎందుకు? మేము ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. దాన్ని 'పండుగ లెక్క' అంటాం. అందులో రాసేవి ఐదే.

1. పండుగ పేరు, తేదీ.
2. కిందటేడు ఇంట్లో అయిన ఖర్చు. బట్టలు, కూర, చార్జీలు, ఇచ్చిపుచ్చుకునేవి విడివిడిగా.
3. అందులో తప్పనివి ఏవి, పదిమంది చూస్తారని చేసినవి ఏవి.
4. ఇంట్లో పని దొరికే నెలలు ఏవి. నాట్లు, పత్తి ఏరుడు, మిర్చి ఏరుడు. పక్కన పెట్టగలిగేది ఆ నెలల్లోనే. పని లేని నెలలో పొదుపు చేయమంటే కుదరదు.
5. ఇప్పటికి ఎంత జమ అయింది, ఎక్కడ ఉంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి? ట్రంకు పెట్టెలో మాత్రం వద్దు. పదేళ్ళు నిండినవాళ్ళు తమ పేరు మీద పోస్టాఫీసు పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చు. బ్యాంకుల్లో కూడా ఆ వీలుంది. బ్యాంకు మునిగినా 5 లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంది. ఊళ్ళో నమ్మకం మీద నడిచే చిట్టీకి ఆ భద్రత లేదు. చిట్టీ వేయాలంటే 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో అడగండి.

ఇంకో మాట. సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌లను, పండుగ ఆఫర్ల పేరుతో వచ్చే బెట్టింగ్ ఆటలను మీ అన్నదమ్ములు నమ్మకుండా చూడండి. మూడు రూపాయల మిత్తి వాడు కనీసం మన ఊళ్ళో ఉంటాడు, ముఖం తెలుసు. వీళ్ళకు ముఖం కూడా ఉండదు. అప్పు తప్పనిసరి అయితే ముందు అమ్మ ఉన్న పొదుపు సంఘంలో అడగమనండి.

చివరగా

ఇదంతా చదివి మా బాపుకు తెలివి లేదని మీరు అనుకోవద్దు. ఒకసారి ఆయనను అడిగాను, "ముందే తెలుసు కదా బాపూ, కొంచెం కొంచెం దాచకపోయినవా?" అని. "దాచుదామంటే చేతిల నిలిస్తె గద బిడ్డా" అన్నాడు. అది నిజం. కూలి తక్కువైన ఇంట్లో ఎంత లెక్క రాసినా కొన్నిసార్లు తక్కువే పడుతుంది. మన పేదరికానికి కారణం మనకు లెక్కలు రాకపోవడమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. భూమి లేకపోవడం, కూలి గిట్టకపోవడం, మనల్ని బ్యాంకు మెట్లు ఎక్కనివ్వకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. వాటి కోసం అడగాలి, కొట్లాడాలి. కానీ అడిగేవాళ్ళకు కూడా లెక్క తెలిసి ఉండాలి. తెలియకపోతే ఉన్న కాస్తా మిత్తి కిందనే పోతుంది.

మా ఇంట్లో ఇప్పుడు పండుగ లెక్క అమ్మ చెబుతుంది, నేను రాస్తాను. అమ్మకు చదువు రాదు గానీ అంకెలన్నీ నోటికే ఉంటాయి. 2025 దసరాకు మేము అప్పు చేయలేదు. యాట కూరకు బదులు కోడి కూర వండాం. అక్కా బావా పిల్లలతో వచ్చారు. బావ ఏమీ అనుకోలేదు. అన్న హైదరాబాదు నుంచి వచ్చి, నోటుబుక్కు తిరగేసి, "ఇది అప్పుడే ఉంటే బాగుండు" అన్నాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను.

అతను వచ్చే ఏడు ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ పరీక్ష కడతానంటున్నాడు. ఆ ఫీజు కూడా నోటుబుక్కులో రాసుకున్నాం.

చెల్లెళ్ళారా, ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చేయండి. ఇంట్లో ఉన్న అప్పు ఎంత, మిత్తి ఎంత, నోటు ఎప్పుడు రాశారు అని అమ్మానాయినలను మెల్లగా అడిగి రాసుకుని రండి. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. ఆదివారం కలుద్దాం. లెక్క కలిసి చేద్దాం.